రాగల 24 గంటల్లో…

‘రాగల 24 గంటల్లో కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది. తీరం వెంబడి బలమైన ఈదురుగాలులు వీస్తాయి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.’

రేడియోలో ప్రాంతీయ వార్తల చివర, టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాల్లో, పేపర్లో ఓ మూల… ఈ మూడు వాక్యాలు ఎప్పుడూ విననివాళ్లు ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఎక్కడా ఉండరు. విన్నాక ‘ఆఁ, వీళ్లు చెప్పినరోజు వాన పడిందెప్పుడు!’ అని పెదవి విరవనివాళ్లూ తక్కువే. వాతావరణశాఖ మీద జోకులకు మన దగ్గర కరవు లేదు. కానీ ఆ మూడు వాక్యాల్లో ప్రతి మాటకూ ఓ లెక్క ఉంది. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నది నోటికొచ్చి అన్న మాట కాదు. ‘భారీ’ అన్నది భయపెట్టడానికి వాడిన విశేషణమూ కాదు. ఆ లెక్క తెలియకపోతే తేలిగ్గా తీసుకోవాల్సినదానికి బెంబేలెత్తుతాం, బెంబేలెత్తాల్సినదాన్ని తేలిగ్గా తీసుకుంటాం. రెండోదే ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎన్ని చోట్ల?

ఓ ప్రాంతంలో వంద వానకొలత కేంద్రాలు ఉన్నాయనుకుందాం. వాటిలో పాతిక వరకు కేంద్రాల్లో వాన పడుతుందనిపిస్తే ‘ఒకటి రెండు చోట్ల’ అంటారు. 26 నుంచి 50 అయితే ‘కొన్ని చోట్ల’. 51 నుంచి 75 దాకా ‘అనేక చోట్ల’. ఆపైన ‘చాలా చోట్ల’.

అంటే ‘కోస్తాలో ఒకటి రెండు చోట్ల వర్షం’ అన్నరోజున కనీసం ముప్పాతికమంది నెత్తిన చుక్క పడదని ఆ బులెటినే చెబుతోందన్నమాట. తునిలో కుండపోత కురిసి, పక్కనే పాయకరావుపేటలో దుమ్ము లేచినా అంచనా తప్పలేదు. ‘మాకు పడలేదు కాబట్టి తప్పు’ అనుకునేవారంతా ఈ లెక్కలో ఆ ముప్పాతికమంది.

మరి భారీ అంటే ఎంత? ఓ రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 వరకు అతిభారీ. అదీ దాటితే అత్యంత భారీ. ఇక్కడ రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కాదు… ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర వరకు. అందుకే ‘నిన్న రాత్రి పడిన వాన’ ఈరోజు లెక్కలో కనిపిస్తుంది.

మిల్లీమీటర్లంటే చాలామందికి గొట్టంలో గీతలే గుర్తొస్తాయి. ఇలా చూస్తే అసలు బరువు తెలుస్తుంది: చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 115 మిల్లీమీటర్లు కురిస్తే పదకొండున్నర వేల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు రెండు తెచ్చి డాబా మీద కుమ్మరించినా ఇంకా మిగులుతుంది! ఊళ్లో ప్రతి డాబా, ప్రతి రోడ్డు, ప్రతి ఖాళీ స్థలం మీదా అంతే నీరు పడితే… పూడిపోయిన కాలవలు దాన్ని ఎక్కడికని మోస్తాయి?

మెట్లన్నీ గాలివే!

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను, అతితీవ్ర తుపాను… వార్తల్లో ఈ మెట్లు ఎక్కుతున్నకొద్దీ వినేవారి గుండెదడ పెరుగుతుంది. ‘బలహీనపడి వాయుగుండంగా మారింది’ అనగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చిక్కంతా ఇక్కడే!

ఈ పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగంతో గాలి సుడి తిరుగుతుంటే వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62కి చేరితే తుపాను… అప్పుడే దానికో పేరొస్తుంది. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతితీవ్ర తుపాను. 166 నుంచి దాన్నీ మించిన మరో మెట్టు. 221 దాటితే సూపర్ సైక్లోన్… 1999 అక్టోబరు 29న ఒడిశాను ఊడ్చిపెట్టింది అలాంటిదే. ఈ పట్టికలో వాన ఊసే లేదు. గాలి తగ్గి మెట్టు దిగినంత మాత్రాన మేఘంలో నీళ్లు తగ్గవు.

బెజవాడ వాసులకు ఈ పాఠం 2024లో తెలిసొచ్చింది. ఆ ఆగస్టు నెలాఖరున బంగాళాఖాతంలో ఏర్పడింది తుపాను కాదు. దానికి పేరు కూడా లేదు, కేవలం వాయుగుండం. సెప్టెంబరు 1 తెల్లవారుజామున అది తీరం దాటింది కూడా విజయవాడ దగ్గర కాదు, ఎక్కడో శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం సమీపంలో. అయినా ఆగస్టు 31న విజయవాడ మీద ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలను ముంచెత్తింది. మేడల మీద చిక్కుకున్నవారికి పాలప్యాకెట్లూ మంచినీళ్లూ పడవల మీద, హెలికాప్టర్లలో అందించాల్సి వచ్చింది. ‘వాయుగుండమేగా!’ అనుకున్నవారి ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి.

కాబట్టి బులెటిన్ విన్నప్పుడు అడగాల్సినవి రెండు ప్రశ్నలు: గాలి ఎంత? వాన ఎంత? మొదటిదానికి జవాబు ఆ మెట్టు పేరులో ఉంటుంది. రెండోదానికి జవాబు ‘భారీ, అతిభారీ, అత్యంత భారీ’ అన్న మాటల్లో ఉంటుంది. మొదటిదాని జవాబు విని రెండోదానికి ధైర్యం తెచ్చుకోకూడదు.

రేవులో అంకెలు

‘కాకినాడలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు’… తుపాను రోజుల్లో తరచూ వినిపించే వాక్యమిది. ఓడలకు రేడియోలు లేని కాలంలో పుట్టిన పద్ధతి. రేవులో ఎత్తయిన స్తంభానికి పగలు శంకువులూ స్తూపాల ఆకారాలూ వేలాడదీసేవారు, రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు వెలిగించేవారు. సముద్రంలోంచి వాటిని చూసి నావికులు పరిస్థితి అర్థం చేసుకునేవారు. ఇప్పటికీ కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం రేవులకు ఈ అంకెలే జారీ అవుతున్నాయి.

మొత్తం 11 అంకెలు. వార్తల్లో అన్నిటినీ ‘ప్రమాద హెచ్చరిక’ అనేస్తారు గానీ అసలు ప్రమాదం మొదలయ్యేది అయిదు నుంచి. ఒకటి, రెండు దూరపు సంకేతాలు. ఎక్కడో నడిసంద్రంలో వాయుగుండమో తుపానో ఉంది, రేవుకు వచ్చిన ముప్పేమీ లేదు, రేవు విడిచి వెళ్లే ఓడలే జాగ్రత్తపడాలని వాటి అర్థం. మూడు ఎగిరితే రేవులోనే ఈదురుగాలులు వీయొచ్చు. నాలుగయితే తుపాను ఈ రేవు మీదికే రావచ్చు.

ఆ తరవాతే అసలు సంగతి. 5, 6, 7 తుపానుకు, 8, 9, 10 తీవ్ర తుపానుకు. అంటే ఎనిమిది కన్నా తొమ్మిది పెద్ద తుపానని కాదు! తుపాను రేవును తన ఎడమ చేతివైపు ఉంచి దాటుతుందంటే 5 లేదా 8. కుడి చేతివైపు ఉంచి దాటుతుందంటే 6 లేదా 9. నేరుగా రేవు మీదుగానో, దానికి ఆనుకునో దాటితే 7 లేదా 10. మరి 11? పదిని మించిన ప్రళయం కాదది. ‘తుపాను హెచ్చరిక కేంద్రంతో మాకు సంబంధాలు తెగిపోయాయి’ అని రేవు చెప్పుకోవడం.

కుడి, ఎడమల గొడవ ఎందుకంటారా? మన అర్ధగోళంలో తుపాను గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో సుడి తిరుగుతుంది. తూర్పు నుంచి మన తీరం మీదికి వచ్చే తుపానుకు కుడిచేయి అంటే ఉత్తరం వైపు. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది, కడలిని ఊళ్ల మీదికి తోస్తుంది. ఎడమవైపు గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. అందుకే ఉప్పెన ఎప్పుడూ కుడివైపే కాచుకుని ఉంటుంది.

1977 నవంబరు 19న జరిగింది అదే. తుపాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. దాని కుడిచేతికి ఉన్నది దివిసీమ. అక్కడ సముద్రం లోతు తక్కువ, అడుగు మెల్లగా వాలుగా పోతుంది. గాలి నెట్టుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేచింది. అయిదు మీటర్ల ఎత్తు అల… రెండు నిలువుల మనిషి కన్నా ఎక్కువ… పల్లెల మీద పడింది. పదివేల మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. ఎంతోమంది చనిపోయింది గాలికి కాదు, ఆ నీటికి. ‘దివిసీమ ఉప్పెన’ అని జనం పెట్టుకున్న పేరులోనే ఆ నిజం ఉంది.

పదమూడేళ్ల తరవాత, 1990 మేలో, దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా డెల్టా మీదికి వచ్చింది. ఈసారి ఆరు లక్షలమందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. మృతులు వెయ్యిలోపే. అదీ తక్కువేం కాదు గానీ, ముందుమాట విని కదిలితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఈ రెండు ఏళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

‘తీరం దాటింది’ అంటే అయిపోయినట్టేనా?

ఊరటనిచ్చే మరో మాట ‘తీరం దాటింది’. తుపాను కేంద్రం సముద్రం విడిచి నేల మీదికి వచ్చిందని మాత్రమే దీని అర్థం. బలమైన తుపానుకు నడుమ కన్నులాంటి చోటు ఉంటుంది. అది ఊరి మీదికి రాగానే గాలి ఒక్కసారిగా ఆగుతుంది, వాన వెలుస్తుంది. హమ్మయ్య అనుకుని జనం బయటికొచ్చి ఎగిరిపోయిన రేకుల కోసం వెతుకుతారు. కాసేపటికి గాలి మళ్లీ లేస్తుంది… ఈసారి ఎదురు దిశ నుంచి. అంతకుముందు ఓ పక్కకు ఒరిగిన చెట్టు, గోడ ఇప్పుడు రెండోపక్కకు కూలతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా దాటినప్పుడు నగరంలో చెట్లు ఎలా నేలకొరిగాయో చూసినవారెవరూ మరచిపోలేరు. తుపాన్లను కనిపెట్టే రాడారు కూడా ఆ దెబ్బకు మూగబోయింది.

దాటాక వాన లోపలికి నడుస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. కోస్తావాళ్లు తేరుకుంటుండగా మర్నాడు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం కదా, మనకేంటనుకున్న ఊళ్లవి! అందుకే తుపాను హెచ్చరికల్లో చివరి దశకు ‘తీరం దాటాక ఏమవుతుంది’ అన్న విభాగమే ప్రత్యేకంగా ఉంది. 72 గంటల ముందు ముందస్తు పరిశీలన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు ఈ నాలుగోది.

తుపాను లేని రోజుల్లో

పేరున్న తుపానుకైతే టీవీలన్నీ కాపలా కాస్తాయి. తీరంలో మామూలు రోజుల్లో పొంచి ఉండే ముప్పులకు ఆ హడావుడి ఉండదు.

మొదటిది పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఎండాకాలం సాయంత్రాల్లో నేల మీది వేడిగాలి, సముద్రం మీది తేమగాలి ఢీకొన్నచోట నిమిషాల్లో మబ్బు పుడుతుంది. దీనికి రేపటి అంచనా పనికిరాదు, రాబోయే రెండు మూడు గంటలదే కావాలి. అందుకే విపత్తుల సంస్థ మండలాల వారీగా సెల్‌ఫోన్లకు సందేశాలు పంపుతోంది. చేలో ఉన్న కూలీలు, మేకల కాపరులు అలవాటుకొద్దీ పరుగెత్తేది చెట్టు కిందికి. ఉండకూడనిది అక్కడే. తాటిచెట్టయితే మరీ. ఉరుము వినిపించిందంటే పిడుగు అందేంత దూరంలో ఉన్నట్టే. పక్కా ఇల్లు చేరాలి. వీలులేకపోతే చెట్లకు, కరెంటు స్తంభాలకు ఎడంగా, పల్లపుచోట కాళ్లు దగ్గరికి చేర్చుకుని గొంతుక్కూర్చోవాలి. పడుకోకూడదు.

రెండోది వడగాడ్పు. సముద్రం పక్కనున్నవాళ్లకు ఎండ భయమేముందనుకుంటారు. మధ్యాహ్నానికి కడలిగాలి వచ్చి చల్లబరిచే మాట నిజమే. కానీ మేలో పడమటి నుంచి వచ్చే వేడిగాలి బలంగా ఉంటే ఆ కడలిగాలిని ఒడ్డుకు రానివ్వదు. మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేగానీ వడగాడ్పు మాట ఎత్తని వాతావరణశాఖ తీరప్రాంతానికి 37 డిగ్రీలే గీత పెట్టింది, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటే చాలంది. కారణం ఉక్కపోత. గాలిలో తేమ నిండితే ఒంటి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 2003లోనూ 2015లోనూ ఉమ్మడి, నవ్యాంధ్రల్లో వేసవి ఒక్కోసారి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఎన్నో తుపాన్లు తియ్యనన్ని ప్రాణాలవి. అయినా వడగాడ్పుకు ఎవరూ పేరు పెట్టరు.

మూడోది గాలి లేకుండా లేచే అల. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, సముద్రం మాత్రం ఒడ్డు దాటి వీధిలోకి వస్తుంది. వేల కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన లేచిన గాలివాన పంపిన అలలివి. రోజుల తరబడి ప్రయాణించి మన ఒడ్డుకు చేరతాయి. పున్నమి, అమావాస్యల పోటు కూడా తోడైతే ఉప్పాడలాంటి కోతకు గురయ్యే ఊళ్లకు కంటిమీద కునుకుండదు. ఈ అలల కబురు చెప్పేది తీరంలో ఉన్న ఆఫీసు కాదు, హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్! 2004 డిసెంబరు 26 సునామీలో మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయాక, 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే వస్తున్నాయి.

నాలుగోది స్నానాలరేవులో లాగే నీరు. విశాఖ ఆర్కే బీచ్‌లోనో సూర్యలంకలోనో పిల్లలు ఎంచుకునేది అలలు విరగని, ప్రశాంతంగా కనిపించే చోటు. తరచూ అదే మోసం. ఒడ్డుకొచ్చిన నీరంతా వెనక్కి పోయే దారి అదే కాబట్టి అక్కడ అలలు విరగవు. ఆ లాగుడుకు ఎదురీదితే గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. నాలుగు బారలు పక్కకు జరిగితే ఆ ధార నుంచి బయటపడొచ్చు. కార్తిక పున్నమికి సముద్రస్నానాలకు వెళ్లేవారు పూజాసామగ్రితోపాటు ఈ ఒక్క ముక్కా వెంట తీసుకెళ్లడం మంచిది.

వేటకు వెళ్లినవారికి చెప్పేదెలా?

ఎన్ని లెక్కలున్నా, కబురు చేరాల్సినవాడికి చేరకపోతే వృథా. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడ్డ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు కూకటివేళ్లతో కూలాయి. పోయినవారిలో వందలాదిమంది వేటకని వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు. మరబోట్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి. ఒడ్డు విడిచి కొద్దిదూరం పోగానే సెల్‌ఫోను మూగబోతుంది. అందుకే ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందించే ‘జెమిని’ పరికరాన్ని 2019లో తెచ్చారు. ‘వేటకు వెళ్లరాదు’ అన్న వాక్యం రెండు మూడు రోజుల ముందే మొదలయ్యేది కూడా బయట ఉన్నవారు తిరిగి రావడానికే. వెళ్లని రోజు కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది. ఎండగా ఉన్న ఉదయాన ఆ మాట విని ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో గంగపుత్రులకే తెలుసు. అందుకే ఆ వాక్యాన్ని ఊరికే వాడేసి చులకన చేయకపోవడం చెప్పేవారి బాధ్యత. చెప్పినప్పుడు పాటించడం వినేవారి బాధ్యత.

రంగు చూసి కదలండి

ఇన్ని అంకెలు గుర్తుపెట్టుకోలేనివారికి రంగులున్నాయి. ఆకుపచ్చ అంటే నిశ్చింత. పసుపు అంటే ఓ చెవి అటు వేసి ఉంచమని. నారింజ అంటే సిద్ధంకమ్మని… టార్చిలైటు, మందులు, ధ్రువపత్రాలు, తాగునీరు సర్దుకోమని, పశువుల పలుపులు విప్పమని. ఎరుపు అంటే ఇక ఆలోచించక కదలమని.

ఇంకొక్క మాట. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివే పేపర్లోని అంచనా ముందురోజు సాయంత్రానిది. తుపాను ఉన్నప్పుడు వాతావరణశాఖ ప్రతి మూడు గంటలకూ కొత్త బులెటిన్ ఇస్తుంది. ఈలోగా తుపాను దిశ మార్చుకోవచ్చు, బలం పుంజుకోవచ్చు. కాబట్టి ఆదివారం ఎంత ఇష్టంగా పేపరు చదివినా సరే, బంగాళాఖాతంలో సుడి తిరుగుతున్న రోజున మాత్రం దాన్ని పక్కన పెట్టి రేడియో పెట్టండి. అందులో ‘ఎన్ని చోట్ల, ఎంత వాన, ఎంత గాలి, ఏ చేతివైపు’ అన్నవి నాలుగూ విన్నాక, జోకులు వేసుకోవడానికి తీరికెలాగూ ఉంటుంది.